ఇల్లుబండి హారన్

నా చిన్నప్పుడు మా నాన్న ఒక కంటి ఆసుపత్రిలో డ్రైవరుగా ఉండేవాడు. బొబ్బిలి నుంచి సాలూరు వెళ్ళే దారిలో ఉండేది ఆ ఆసుపత్రి. ఆయన నడిపే బండిలాంటిది మా వైపు మరొకటి లేదు. ఎప్పుడో విదేశం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ దాన్ని ఓడలో విశాఖపట్నం దాకా తెచ్చుకుని, కొన్నేళ్ళు ఇక్కడ వైద్యం చేసి, తిరిగి వెళ్ళిపోతూ ఆసుపత్రికి వదిలేసిందట. ముందు భాగం గుండ్రంగా, పైన తెల్లగా, కింద ఆకుపచ్చగా ఉండేది. లోపల మడతపెట్టే మంచం, చిన్న పొయ్యి, చేతులు కడుక్కోవడానికి తొట్టి, కిటికీలకు గళ్ళ తెరలు. ఒక మనిషి అందులోనే వండుకుని, తిని, పడుకోవచ్చు. అందుకని మా ఊళ్ళో పెద్దా చిన్నా అందరూ దాన్ని ఇల్లుబండి అనేవాళ్ళు. దాని ఇంజను వెనకాల ఉండేది. స్టీరింగేమో ఎడమవైపు ఉండేది.

ఆ ఎడమవైపు స్టీరింగు గురించి కొంచెం చెప్పాలి. మన రోడ్ల మీద బండ్లన్నీ ఎడమపక్కనే పోతాయి కదా. డ్రైవరు కూడా ఎడమ పక్కనే కూర్చుంటే ముందున్న లారీ వెనకభాగం తప్ప, ఎదురుగా ఏం వస్తోందో అతనికి కనబడదు. లారీని దాటాలంటే కుడివైపు సీట్లో కూర్చున్న మనిషి తల బయటికి పెట్టి, చూసి చెప్పాలి. మామూలు రోజుల్లో ఆ సీటు కాంపౌండరుగారిది. బడి సెలవుల్లో మాత్రం నాది. "ఖాళీ నాన్నా" అనో, "ఆగు నాన్నా, బస్సు వస్తంది" అనో నేను చెప్పడం, నా మాట మీద అంత బండీ కదలడం, ఆగడం. ఇంట్లో అన్నం గిన్నె కూడా నా చేతికి ఇవ్వని రోజుల్లో అది నాకు చాలా పెద్ద ఉద్యోగం.

మా నాన్న మాటలు తక్కువ మనిషి. కానీ చెవులు మాత్రం ఎప్పుడూ పనిలోనే ఉండేవి. పొద్దున్న బండి తుడిచి, ఇంజను వేసి, తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. "ఈయేళ కొంచెం దగ్గుతన్నాది" అనేవాడు. వెనక చక్రంలో చిన్న రాయి ఇరుక్కున్నా, లోపల ఎక్కడో ఒక మర వదులైనా, బండి దిగకుండానే చెప్పేసేవాడు. ఆ తరవాత ఒక్కసారి హారన్ కొట్టి గేటు దాటేవాడు. ఆ హారన్ బొంగురుగా, బాతు అరిచినట్టు ఉండేది. లారీలకీ బస్సులకీ ఆ గొంతు ఉండదు. సాలూరు దాటి కొండల మీద ఊళ్ళల్లో ఆ మోత వినబడితే చాలు, కళ్ళు కనబడని ముసలివాళ్ళను చేతులు పట్టుకుని రోడ్డు మీదకు తెచ్చేసేవాళ్ళు. ఎవరూ వెళ్ళి పిలవక్కర్లేదు.

ఒక వానాకాలంలో మా నాన్న ఆ హారన్ గురించి మొదటిసారి ఫిర్యాదు చేశాడు. దాని గొంతు పోతోందన్నాడు. కొండ ఎక్కే ఘాటీ రోడ్డు బురద లోపలికి పోయి ఉంటుందని, మా మావయ్య దగ్గరికి తీసుకెళ్ళాడు.

మా మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. సాలూరు మెయిన్ రోడ్డు మీద లారీలకు బ్యాటరీలు, లైట్లు, హారన్లు బాగుచేసే షెడ్డు ఉండేది ఆయనకు. సాలూరంతా లారీలే కాబట్టి పనికి లోటు లేదు. మా నాన్నను 'బావా బావా' అంటూ వదిలేవాడు కాదు. మేమెళ్తే చేతిలో పని ఎంతటిదైనా పక్కన పెట్టేవాడు. ఆ రోజు బండి ముందు భాగం కిందకి దూరి, హారన్ విప్పి తీసి, బల్ల మీద పెట్టి తెరిచాడు. లోపల పలచటి రేకు, కరెంటు తగిలే రెండు చిన్న పాయింట్లు. వాటిని గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, మళ్ళీ బిగించి, వెనకనున్న చిన్న మరను తిప్పుతూ కొట్టమన్నాడు. మా నాన్న కొట్టాడు. ఎదురుగా టీ దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి తిరిగి చూశారు. నేను చెవులు మూసుకున్నాను.

"ఇంకా పెంచరా" అన్నాడు మా నాన్న.

మావయ్య ఇంకొంచెం తిప్పాడు. మళ్ళీ కొట్టాడు. "ఇంకా" అన్నాడు మా నాన్న.

అప్పుడు మా మావయ్య చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని మా నాన్న ముఖంలోకి కాసేపు చూశాడు. ఎందుకలా చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. వంగి ఇంకొంచెం తిప్పాడు.

కొన్ని వారాలకు మళ్ళీ అదే ఫిర్యాదు. మావయ్య ఈసారి హారనే మార్చేశాడు. అదీ కొన్నాళ్ళే. ఆ తరవాత మా నాన్న లారీ హారన్ పెట్టమన్నాడు. ఆ బండి బ్యాటరీ చిన్నది, లారీ హారన్‌కి చాలదు. మావయ్య కాదనకుండా మంచం కింద ఇంకో బ్యాటరీ అమర్చి, దాన్నుంచి వైరు లాగి, రెండు పెద్ద హారన్లు బిగించాడు. నొక్కగానే గుండెలో దడ పుట్టించే మోత. మా నాన్న ముఖం వెలిగిపోయింది. "ఇదిరా గొంతంటే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి మావయ్య కూడా నవ్వాడు గానీ, మేము బయల్దేరేటప్పుడు షెడ్డు ముందు అలా నిలబడిపోయాడు. చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాడు.

కొండ ఊళ్ళల్లో మాత్రం జనం రోడ్డు మీదకు రావడం మానేశారు. లారీ ఏదో పోతోందనుకునేవాళ్ళు. కాంపౌండరుగారు దిగి ఇంటింటికీ తిరిగి పిలుచుకు రావలసి వచ్చేది. ఆయన విసుక్కుంటే మా నాన్నకు కోపం వచ్చేది.

ఇంట్లో ఇంకో రకం. మా అమ్మ వంటింట్లోంచి పిలుస్తుంది, ఆయన పలకడు. మళ్ళీ పిలుస్తుంది, పలకడు. మూడోసారి కేక వేస్తే, "ఎందుకలాగ అరుస్తావ్, నానేటి సెవిటోడినా" అంటాడు. మామూలుగా చెబితే, "ఆ గొణుగుడేటి, నోరు తెరిసి సెప్పు" అంటాడు. తన మీద ఏదో మనసులో పెట్టుకుని పలకడం మానేశాడని మా అమ్మ అనుకుంది. ఏం తప్పు చేశానో అని తనలో తాను వెతుక్కుంది. బావి దగ్గర గిన్నెలు తోముతూ, "నాతో మాటాడ్డం ఇష్టం నేకపోతే మొహమ్మీద సెప్పీవొచ్చు గదా" అని ఏడవడం నేను చూశాను. నాన్నతో పని పడితే పిలవడం మానేసి చొక్కా పట్టుకుని లాగడం నాకు ఎలా అలవాటైందో కూడా తెలియదు. పిల్లలు కారణాలు అడగకుండానే సర్దుకుపోతారు.

ఆ వేసవి సెలవుల్లో ఒకరోజు, ఆపరేషన్లు అయినవాళ్ళను కొండ మీద ఊళ్ళల్లో దింపడానికి బయల్దేరాం. కాంపౌండరుగారికి జ్వరం. ఆయన రాలేదు. ముందు సీట్లో ఎప్పటిలా నేనే కూర్చున్నాను. వెనక మంచం మీద కంటికి కట్టు కట్టుకుని ఒక మామ్మ, ఆమె పక్కన ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు. ఘాటీ ఎక్కుతున్నాం. ఘాటీలో ఒక పద్ధతి ఉంది. మలుపు రాగానే హారన్ కొట్టి, వేగం తగ్గించి, వినాలి. పైనుంచి ఎదురు హారన్ వినబడితే ఆగి దారి ఇవ్వాలి. వినబడకపోతే పోవచ్చు. రోడ్డు అంత సన్నం.

మా నాన్న పద్ధతి తప్పలేదు. కొట్టాడు, వేగం తగ్గించాడు, తల పక్కకు వంచాడు. పైనుంచి లారీ హారన్ స్పష్టంగా వినబడింది. ఒకసారి కాదు, వరసగా. ఆగుతాడనుకుని నేను సీటు అంచున సర్దుకుని కూర్చున్నాను. ఆయన ఆగలేదు. తల మామూలుగా పెట్టుకుని, దారి ఖాళీగా ఉందన్న ధీమాతో బండిని మలుపులోకి తిప్పాడు.

"నాన్నా, లారీ!" అన్నాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. అరిచాను. నా గొంతులో ఉన్నదంతా పెట్టి అరిచాను. ఆయన నాకు చేతికందేంత దూరంలో ఉన్నాడు, అయినా తల తిప్పలేదు. అప్పుడు లారీ ముందు భాగం నా కిటికీ నిండా వచ్చేసింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన లారీని చూసి బండిని కొండ వైపుకు తిప్పేశాడు. ఆయన పక్కనున్న అద్దం రాయికి తగిలి పగిలిపోయింది. బండి రేకు పొడుగునా గీసుకుపోతున్న చప్పుడు. తరవాత అంతా ఆగిపోయింది. లారీ బంపరుకీ నా తలుపుకీ మధ్య జానెడు కూడా లేదు.

లారీ డ్రైవరు దూకినట్టు దిగి వచ్చాడు. "ఏటయ్యా, అంతలాగ హారన్ కొడతన్నాను, సెవుడేటి నీకు? ఆ గుంటపిల్ల సచ్చిపోయుండీది గదా!" అని అరిచాడు.

మా నాన్న అతని వైపు చూసి, చెయ్యి ఊపి, తేలిగ్గా నవ్వాడు. "పర్వానేదు, పర్వానేదు. ఎవులికీ దెబ్బలు తగల్నేదు" అన్నాడు.

లారీ డ్రైవరు ఒక అడుగు వెనక్కి వేశాడు. మా నాన్నను చూశాడు. నన్ను చూశాడు. అతని ముఖంలో కోపం ఎటు పోయిందో పోయింది. వెళ్ళి లారీ ఎక్కి, వెనక్కి తీసి మాకు దారిచ్చాడు. కట్టు కట్టుకున్న మామ్మ వెనకనుంచి "ఏటయినాది బాబూ, ఏటయినాది" అని అడుగుతూనే ఉంది. ఆ బాబు పలకలేదు. "ఏం నేదు మామ్మా" అని నేనే చెప్పాను.

కొండ దిగి వచ్చేటప్పుడు నాన్న ఒక్కమాట అన్నాడు. "హారన్ మళ్ళీ పాడయినాది. మావ దగ్గరికెల్తే బాగయిపోతాది. అమ్మకి సెప్పకు, బెంగెట్టుకుంటాది." ఆయన చేతులు స్టీరింగు మీద గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

ఆ లారీ సాలూరుదే. మేము షెడ్డుకి వెళ్ళేలోపే ఆ సంగతి మా మావయ్యకు చేరిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మేము వెళ్ళేసరికి బల్ల మీద నలుగురైదుగురు లారీ మనుషులు వాళ్ళ పనుల కోసం కూర్చుని ఉన్నారు. మావయ్య పగిలిన అద్దాన్ని చూశాడు, గీసుకుపోయిన రేకు మీద చెయ్యి వేశాడు, నన్ను దగ్గరికి తీసుకుని నా తల నిమిరాడు. మా నాన్న బండి దిగకుండానే, "హారన్ సూడరా, బొత్తిగా మోగటం నేదు" అన్నాడు.

మావయ్య బండి కిందకి దూరాడు. నేను పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాను. ఆయన హారన్ విప్పలేదు. మర తిప్పలేదు. హారన్‌కి వచ్చే వైరును పట్టుకుని పీకేశాడు. దాని కొస చేతిలో పట్టుకుని, నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండో చెయ్యి బయటికి పెట్టి, కొట్టమని సైగ చేశాడు.

మా నాన్న నొక్కాడు. బటన్ లోపలికి వెళ్ళిన చిన్న టిక్కు మాత్రం వినబడింది. అంతే.

నేను లేచి నిలబడి మా నాన్నను చూశాను. ఆయన మళ్ళీ నొక్కి పట్టుకున్నాడు. తల పక్కకు వంచాడు. తరవాత ఆయన కళ్ళు బల్ల మీద కూర్చున్నవాళ్ళ ముఖాల మీదకు వెళ్ళాయి, ఒకరి తరవాత ఒకరి మీదకు. హారన్ మోగితే మనుషులు ఎలా ఉలిక్కిపడతారో, ఆ జాడ కోసం వెతికాడని నాకు ఇప్పుడు తెలుసు. వాళ్ళు కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నారు. ఆ చూపులకు ఆయన ఏం అర్థం చెప్పుకున్నాడో. నన్ను చూశాడు. మావయ్య సైగ చేసినట్టే నేను పెదాలు బిగించుకున్నాను.

"ఆ. ఇప్పుడు బాగున్నాది" అన్నాడు మా నాన్న. "సరిపోతాదిరా. బాగా మోగతన్నాది."

బల్ల మీద ఒకడు ఫక్కున నవ్వబోయి ఆపేసుకున్నాడు. మావయ్య బండి కిందనుంచి బయటికి వచ్చాడు. మోగటం లేదని మా నాన్న అంటాడు, అప్పుడు వైరు తగిలించి మళ్ళీ కొట్టించి, రెండూ ఆయనకు ఒకటేనని చూపించి, 'లోపం హారన్‌లో నేదు బావా' అని మెల్లగా అసలు మాట మొదలుపెట్టొచ్చు అనుకున్నాడట. బాగుందంటాడని ఆయన ఊహించలేదు. పీకిన వైరు ఇంకా చేతిలోనే ఉంది. దాచుకోవాలన్న ఆలోచన వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

మా నాన్న ఆ వైరు చూశాడు. బండ్లతోనే బతికిన మనిషికి అది ఏ వైరో, అది ఆ చేతిలో ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన చెయ్యి బటన్ మీంచి నెమ్మదిగా జారిపోయింది. మావయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, తల వంచుకుని ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. నాకు వినబడింది. 'నన్ను సెప్పుతో కొట్టు బావా' అన్నాడు, 'అక్క మొహం సూసి సెప్పలేకపోనాను' అన్నాడు. కానీ తల నేల వైపు వంచుకుని చెప్పాడు. పెదాలు కనబడలేదు. ఆ మాటల్లో ఒక్కటీ మా నాన్నకు చేరలేదు.

ఆయన బండి దిగాడు. తాళం తీసి సీటు మీద పెట్టాడు. నా చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

బస్సులో మా నాన్న ప్రయాణికుడిగా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని, బస్సు గేరు మారినప్పుడల్లా కాలు కదుపుతున్నాడు. కొంతదూరం పోయాక నా వైపు తిరిగాడు.

"ఆ రోజు ఘాటీలో నువ్వు అరిసీవా?"

తల ఊపాను.

"గట్టిగానా?"

మళ్ళీ తల ఊపాను. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇంటికి వచ్చేదాకా ఇటు తిరగలేదు.

మా అమ్మకు అంతా తెలిశాక ఆమె మొదట చేసిన పని, ఇన్నాళ్ళూ తన మీద కోపం కాదన్నమాట అని మెట్టు మీద కూలబడి ఏడవడం. అందులో ఊరటా ఉంది, అంతకంటే పెద్ద దిగులూ ఉంది. విశాఖపట్నంలో చెవుల డాక్టరుకి చూపించారు. నరం ఎండిపోతోందని, చెయ్యగలిగిందేమీ లేదని చెప్పాడు. అన్నట్టే, ఆ మిగిలిన కాస్తా కూడా రెండో ఏడాదికల్లా పోయింది.

ఆసుపత్రిలో అప్పుడున్న పెద్ద డాక్టరమ్మ మంచిది. ఉద్యోగం పోకూడదని ఆయన్ను గేటు దగ్గర కూర్చోబెట్టింది. కానీ గేటు తీయడానికి హారన్ వినబడాలి కదా. కొత్త డ్రైవరు బయట నిలబడి కొడుతూ ఉండేవాడు, మా నాన్న స్టూలు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండేవాడు. చివరికి కొత్త డ్రైవరే దిగి వచ్చి గేటు తోసుకునేవాడు. 'కూచో పెద్దాయనా' అని భుజం తట్టి వెళ్ళేవాడు. అతను మంచివాడే. అదే మా నాన్న భరించలేకపోయాడు. ఆయనే వెళ్ళి అడిగి, వెనక షెడ్డులో కంటికట్టు గుడ్డలు ఉడకబెట్టే పనికి మారాడు. ఇల్లుబండిని ఎడమ స్టీరింగుతో నడపడం కొత్తవాళ్ళెవరికీ కుదరలేదు. ఆసుపత్రికి జీపు వచ్చింది. ఆ బండి ప్రహరీ పక్కన నిలబడి, టైర్లు కుంగి, తెరలు చీకిపోయి పాడుబడింది. ఒకరోజు ఎవరో వచ్చి దాన్ని లాక్కుపోయారు. మా నాన్న గుడ్డలు ఆరేస్తూ చూశాడట. పని ఆపలేదట.

మా మావయ్య మాత్రం రావడం మానలేదు. వీలు దొరికిన ప్రతి ఆదివారం వచ్చేవాడు. వరండాలో మా నాన్న ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. అప్పటికి మా నాన్న పెదాలు చూసి మాట పట్టుకోవడం బాగా నేర్చుకున్నాడు. మాతో, పక్కింటివాళ్ళతో అలాగే మాట్లాడేవాడు. కానీ మావయ్య నోరు తెరవగానే ముఖం తిప్పేసుకునేవాడు. చెవులు వినబడని మనిషి తలుపు వేసుకోవాలంటే అంతకంటే ఏమీ అక్కర్లేదు. మావయ్య కాసేపు కూర్చుని, అమ్మ పెట్టింది తిని, వెళ్ళిపోయేవాడు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి బస్సు ఎక్కించడానికి తోడు వెళ్తే, దారిలో నాతో అన్నాడు. "మొదటిరోజే తెలిసిపోనాదే నాకు. ఎదురుగా కూచోని, నీకు సెవులు పోతన్నాయి బావా అని సెప్పీవలసింది. నోరు రానేదు. అన్నన్ని హారన్లు బిగించీనాను గానీ ఆ ఒక్కమాట సెప్పలేకపోనాను. ఆకరికి వైరు సేత సెప్పించీసినాను, నలుగురి ముందర." ఆ మాట మా నాన్నతో చెప్పాలనే ఆయన అన్నేళ్ళూ వచ్చాడు. చెప్పకుండానే, ఒక ఎండాకాలం, గుండె ఆగి పోయాడు.

మా నాన్న సాలూరు వచ్చాడు. అందరితో పాటు పాడె వెంట నడిచాడు. ఇంటికి తిరిగి వచ్చాక స్నానం చేసి, వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి నన్ను పిలిచాడు. అప్పటికే ఆయన గొంతు ఎంత పైకి వెళ్తుందో ఎంత కిందకి దిగుతుందో ఆయనకు తెలిసేది కాదు. ఆ రోజు చాలా గట్టిగా అడిగాడు, వీధిలో వాళ్ళు కూడా తిరిగి చూసేలా.

"మీ మావ నాకేటి సెప్పాలని వచ్చీవోడే?"

నేను ఇంట్లోంచి వచ్చి, మావయ్య కూర్చునే పీట మీద ఎదురుగా కూర్చున్నాను. ఆయన నా పెదాల వైపు చూశాడు. మావయ్య అన్నది అన్నట్టే చెప్పాను. ఒక్క మాట కూడా మార్చలేదు. ఆయన ముఖం తిప్పుకోలేదు.

"మళ్ళీ సెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. అర్థం కాక అడిగాడో, ఇంకోసారి కావాలని అడిగాడో నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. రెండోసారి చెప్పాక తల ఊపి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనానికి లేవలేదు. ఆ తరవాత ఎన్నో ఆదివారాలు ఆ పీటను అక్కడినుంచి తీయనివ్వలేదు.

నేను నర్సు చదువు చదివి, శ్రీకాకుళం, నరసన్నపేట వైపు ఆసుపత్రుల్లో పనిచేసి, రిటైరయి ఈమధ్యనే ఇంటిపట్టున ఉంటున్నాను. చాలా ఇళ్ళవాళ్ళకు చెడ్డ కబురు నా నోటితోనే చెప్పాను. ఇంకొకరి చేత చెప్పించలేదు, కాగితం చేతికిచ్చి పక్కకు తప్పుకోలేదు, నడుస్తూ నడుస్తూ వెనకనుంచి అనేసి పోలేదు. ఎదురుగా వెళ్ళి, కూర్చుని, వాళ్ళు నా ముఖంలోకి చూసేదాకా ఆగి చెప్పాను. అలా చెబితే బాధ తగ్గుతుందని నేను అనను. తగ్గడం నేనెప్పుడూ చూడలేదు. వింటూనే కొందరు ముఖం తిప్పేసుకుంటారు. తిప్పుకోనిచ్చేదాన్ని. మళ్ళీ ఇటు తిరిగేదాకా అక్కడినుంచి లేచేదాన్ని కాదు. ఉద్యోగం అయిపోయినా, ఇంట్లోగానీ వీధిలోగానీ అలాంటి మాట చెప్పాల్సి వస్తే, వాళ్ళు ఇటు తిరిగేదాకా ఇప్పటికీ లేవను.